కాలవ గట్టు కథలు – 17: పిడికెడు బియ్యం, ఒక కోడిపుంజు

కిందటి వారం ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర ఆగాం. 1847లో మొదలుపెట్టిన పని 1852కి ముగిసింది. గోదావరి నీళ్ళు కాలవల్లోకి మళ్ళాయి, కాలవల వెంట వరి పాకింది. ఆ ధాన్యం ఎవరి గాదెలకెక్కిందో, ఏ రేవుల మీదుగా ఓడలెక్కిందో చెప్పుకున్నాం. ఊడ్చిందీ, కోసిందీ, నూర్చిందీ ఎవరన్నది మాత్రం చెప్పుకోలేదు. ఊరి చివర, చెరువు వెనకో కాలవ గట్టు మీదో ఉండే పేటల జనం వాళ్ళు. భూమి వాళ్ళది కాదు. ఊరి గుళ్ళోకి రానివ్వరు. ఊరి బావిలో చేద వెయ్యనివ్వరు. ఆ పేటల్లో లూథరన్ క్రైస్తవ సంఘం ఎలా నిలదొక్కుకుందో ఈ వారం సంగతి.

ముందు దొరల కథ త్వరగా ముగించేద్దాం.

ఆనకట్ట కట్టించిన కాటన్ ఇంకా దాని కాగితాల మీదే ఉన్న 1845లో రాజమండ్రిలో వాలెట్ అనే జర్మన్ మిషనరీ కాపురం పెట్టాడు. హాంబర్గులో పుట్టిన నార్త్ జర్మన్ మిషన్ సొసైటీ ఆయన్ని పంపింది. ఆ తర్వాత గ్రోనింగ్ వచ్చి కలిశాడు. అయిదారేళ్ళు తిరక్కుండానే ఆ సొసైటీ చేతిలో డబ్బు ఆడక రాజమండ్రిని అమెరికా లూథరన్లకు అప్పగించేసి, తన దృష్టంతా పశ్చిమ ఆఫ్రికా మీద పెట్టుకుంది. అమెరికా వాళ్ళు అప్పటికే గుంటూరులో ఉన్నారు. జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరులో దిగాడు. అక్కడి కలెక్టరు హెన్రీ స్టోక్స్ రమ్మని ఇల్లు చూపించాడు. హయ్యర్ అమెరికా లూథరన్లు విదేశానికి పంపిన మొట్టమొదటి మిషనరీ. పుట్టింది జర్మనీలో, పెరిగింది పెన్సిల్వేనియాలో, వచ్చేనాటికే యాభైకి దగ్గరపడ్డవాడు. ఒకసారి వెనక్కి వెళ్ళి వైద్యం చదివి పట్టా పుచ్చుకుని మళ్ళీ వచ్చాడు, పల్నాడంతా తిరిగాడు, 1857లో ఇక చాలని వెళ్ళిపోయాడు.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. డబ్బు రాలేదు, మనుషులు రాలేదు. యుద్ధం ముగిసేసరికి లూథరన్లలోనే చీలిక వచ్చింది. రాజమండ్రిని చూసుకునే నాథుడు లేక, 1869లో దాన్ని మచిలీపట్నం వైపు పనిచేస్తున్న ఇంగ్లండు వారి చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామని దాదాపు ఖాయం చేసుకున్నారు. ఆ మాట జర్మనీలో ఉన్న హయ్యర్ చెవిన పడింది. అప్పటికి ఆయనకు 76వ ఏడు. పెన్సిల్వేనియాలో లూథరన్ పెద్దల సభ జరుగుతుంటే అక్కడికి వెళ్ళి, మరెవరూ లేకపోతే నేనే పోతానని నిలబడ్డాడు. అన్నట్టే ఆ ఏడాది డిసెంబరులో రాజమండ్రి చేరాడు. మరుసటేడు హెచ్.సి. ష్మిట్ రాగానే పని ఆయన చేతిలో పెట్టి, 1871 మొదట్లో వెళ్ళిపోయాడు. 1873లో పోయాడు. ఆ ముసలాయన అడ్డం పడకపోతే ఈ రోజు తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో లూథరన్ అన్న మాట వినపడేది కాదు, ఆ పేటలన్నీ చర్చి మిషనరీ సొసైటీ చేతుల మీదుగా సి.ఎస్.ఐ. సంఘాలై ఉండేవి. అందుకే ఆయన్ని మన వాళ్ళు ఇప్పటికీ ఫాదర్ హయ్యర్ అంటారు.

మిషన్ చరిత్రలు ఇక్కడి నుంచి ఇలాగే సాగుతాయి: ఎవరు ఏ ఓడలో వచ్చారు, ఎవరికి జ్వరం తగిలింది, ఎవరిని ఎక్కడ పూడ్చారు. కార్ల్‌సన్ 1879లో వచ్చి 1882లోనే పోయాడు, ఆర్ట్‌మన్ 1880లో వచ్చి 1884లో పోయాడు. ఆ సమాధుల మీద నాకు గౌరవం ఉంది. కానీ ఒక పేటలో సంఘం నిలిచిందంటే ఏడాదికి రెండు మూడు సార్లు పడవ దిగి వచ్చే దొర వల్ల నిలవదు. మిగతా మూడొందల చిల్లర రోజులు అక్కడ ఎవరున్నారన్నది అసలు ప్రశ్న.

ఉపదేశిగారు ఉన్నారు.

ఉపదేశి అంటే బోధకుడు, బడిపంతులు, జ్వరానికి మందు ఇచ్చేవాడు, కరణం దగ్గర కాగితం చదివి పెట్టేవాడు, అన్నీ ఆయనే. మిషన్ వారి రాజమండ్రి, ధవళేశ్వరం, జేగురుపాడు, కోరుకొండ, తాళ్ళపూడి, భీమవరం, తాడేపల్లిగూడెం స్టేషన్ల చుట్టూ ఉన్న పల్లెల్లో గుడి అని వేరే కట్టడం చాలాకాలం లేదు. తాటాకు పాక ఒకటి. సోమవారం నుంచి శనివారం దాకా అది బడి, ఆదివారం గుడి. పగలు పిల్లలు గొడ్ల వెంట, బాతుల వెంట పోతారు గనుక చాలాచోట్ల బడి దీపాలు పెట్టాకే. ఇసకలో వేలితో అక్షరాలు దిద్దించేవారు. చదువు వచ్చిన పిల్లాణ్ణి పెద్దాపురంలోనో భీమవరంలోనో రాజమండ్రిలోనో బోర్డింగుకి పంపేవారు. వాడు పంతులై ఇంకో పేటకు వెళ్ళేవాడు. ఒక పాక ఇంకో పాకను పుట్టించింది. తోట జోసెఫ్, నేలప్రోలు పౌలుస్ అనే ఇద్దరు తెలుగువాళ్ళు పాస్టర్లుగా అభిషేకం పొందింది ష్మిట్ కాలంలోనే. రాజమండ్రిలో లూథర్‌గిరి అనే చోట వేదపాఠశాల పెట్టారు. పంతుళ్ళలోంచి ఏరి, వాళ్ళని పాస్టర్లుగా తీర్చి పల్లెలకు పంపిన చోటు అది.

ఈ బడుల వల్ల ఏం జరిగిందో లెక్కలు చూపించి చెప్పడం కష్టం గానీ, ఒక పేరు చెప్తే సరిపోతుంది. కవి గుఱ్ఱం జాషువా కుర్రతనంలో, 1915–16 ప్రాంతంలో, రాజమండ్రిలో మూగ సినిమాలకు తెర పక్కన నిలబడి కథ చెప్పేవాడు. ఆ తర్వాత 1919 నుంచి పదేళ్ళు ఆయనకు తిండి పెట్టింది గుంటూరు లూథరన్ ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల.

ఇప్పుడు డబ్బు సంగతి. ఉపదేశి జీతంలో కొంత మిషన్ ఇచ్చేది, మిగతాది సంఘం పెట్టుకోవాలనేది. పేటలో డబ్బు ఎక్కడిది? పాలేరుకి జీతం గింజల్లో, కోత కూలి గింజల్లో. రూపాయి మొహం చూడటమే అరుదు. అందుకని ఆడవాళ్ళు ఒక పద్ధతి పాటించారు. పొద్దున్నో సాయంత్రమో వంటకు బియ్యం కొలిచి చేటలో పోసుకున్నాక, కడిగే ముందు అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న చిన్న కుండలో వేసేవారు. కుండ మీద మూకుడు. ఎసరు మరుగుతున్నా సరే, ఆ పిడికెడు తీశాకే అత్తెసరైనా, గంజైనా. ఆదివారం ఆ కుండ గుడికి తెచ్చి బుట్టలో కుమ్మరించేవారు. బుట్ట నిండితే సంఘ పెద్ద కుంచంతో కొలిచి, పుస్తకంలో రాసి, ఉపదేశిగారి ఇంటికి కొంత పంపి, మిగిలింది అమ్మేవాడు. పిడికెడు బియ్యం అంటే డెల్టా క్రైస్తవులందరికీ తెలుసు, లూథరన్లొక్కళ్ళదే కాదు. ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో ఆ డబ్బా ఉంది. కుండ పోయి బోర్న్‌విటా డబ్బా వచ్చింది.

ఈ పిడికెడు గురించి బోధకులు త్యాగం అని చెప్తారు. నాకు ఇంకోటి కనపడుతుంది. ఇంట్లో కూలి డబ్బు మగవాడి రొంటిన ఉంటుంది, అది కల్లు పాక దాకా వెళ్ళొచ్చు, వెళ్ళకపోవచ్చు. బియ్యం చేట మాత్రం ఆడదాని చేతిలో ఉంటుంది. గుడికి అయ్యే ఖర్చు ఆ చేటలోంచి రావడంతో, గుడి విషయంలో ఆడవాళ్ళ మాట తీసెయ్యడానికి వీల్లేకపోయింది. సంఘ కమిటీలో చాలాకాలం మగవాళ్ళే కూర్చున్నారు, నిజమే. కానీ ఏ పల్లెలోనైనా స్త్రీల సమాజం వాళ్ళు ఈ ఆదివారం బుట్ట పెట్టం అంటే కమిటీ దిగి రావాల్సిందే.

బియ్యం ఏడాది పొడుగునా సాగే పద్ధతి. ఏడాదికోసారి వచ్చేది కోత పండగ. దీన్ని కాస్త దగ్గర నుంచి చూడాలి.

కోతలయ్యాక ఒక ఆదివారం పెట్టుకుంటారు. గుమ్మానికి మామిడాకు తోరణం, అరటి బోదెలు, స్తంభాలకు వరి కంకుల కుచ్చులు. బలిపీఠం ముందు చాపలు పరిచి ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి పెడతారు. భూమి లేనివాళ్ళు పెరట్లోది తెస్తారు: గుమ్మడికాయ, ఆనపకాయ, కొబ్బరి బొండాలు, అరటి గెల, బుట్టలో గుడ్లు, మునగకాయల కట్ట, కాళ్ళు కట్టిన కోడిపుంజు. పాస్టరు అయ్యగారు వాక్యం చెప్తున్నంతసేపూ ఆ పుంజు మధ్యమధ్య కొక్కొరొకో అంటూనే ఉంటుంది. కోడి కూసేలోపు యేసును ఎరగనన్న పేతురు కథ తెలిసిన ముసలివాళ్ళు నవ్వాపుకోలేరు. ఆరాధన ముగిసి దీవెన ఇవ్వగానే వేలం పాట. గొంతున్న పెద్దమనిషిని ఒకర్ని నిలబెడతారు.

"పుంజండీ పుంజు! నూటయాభై ఒకటోసారి! ఏం బావా, హైదరాబాదు నుంచి దిగావు, జేబులో చెయ్యి పెట్టవేం? రెండొందలను!"

"రెండొందలు."

"రెండొందలకి దేవుడి కోడా? పిన్నిగారూ, మీ అల్లుడు పరువు తీస్తున్నాడు చూడండి!"

"మూడొందలు," అంటుంది పిన్ని, కొంగు బిగించి.

బజార్లో కొంటే ఎంతవుతుందన్నది అక్కడెవరికీ అక్కర్లేదు. పాట అయిదొందలకో వెయ్యికో ఆగుతుంది. పాడుకున్నాయన డబ్బు కట్టి, పుంజును పైకెత్తి, తిరిగి దేవుడికే ఇచ్చేస్తున్నానంటాడు. చప్పట్లు. మళ్ళీ మొదటి నుంచి పాట. ఒకే పుంజు మూడుసార్లు అమ్ముడుపోయిన సందర్భాలు ప్రతి సంఘం వాళ్ళూ చెప్తారు. గుమ్మడికాయ కూడా అంతే. ఒక్కోసారి పట్టుదలలు పెరిగి రెండు ఇంటిపేర్ల మధ్య పోటీగా మారుతుంది, తర్వాత వారం పదిరోజులు మాటలుండవు. లెక్క చివర్న చదువుతారు: గుడి పైకప్పుకింత, అయ్యగారి జీతానికింత, సినడ్‌కి కట్టాల్సిన వాటా ఇంత. చదివే గొంతులో కొంచెం ఠీవి ఉంటుంది. తరతరాలుగా ఊరి గుడి ఉత్సవానికి డప్పు కొట్టి, దూరంగా నిలబడి, మిగిలింది పట్టుకెళ్ళిన జనం ఇక్కడ తమ గుడికి తామే ధర్మకర్తలు. పాటలో పైకి పాడటమంటే అదీ.

పండగల వరసంతా వరి పంటతో ముడిపడి కనపడుతుంది. సార్వా కోతలు కార్తీకంలో మొదలై మార్గశిరంలో నూర్పిళ్ళు. కూలి గింజలు ఇంటికి చేరి, నాలుగు రాళ్ళు చేతిలో ఆడేది డిసెంబరులోనే. క్రిస్మస్ సరిగ్గా అప్పుడే పడింది. డెల్టాలో క్రిస్మస్ అంత భారీగా జరగడానికి భక్తి ఒక్కటే కారణమంటే నేను ఒప్పుకోను. వెదురు బద్దలు చీల్చి, రంగు కాగితం అంటించి, లోపల దీపం పెట్టి, ఇంటింటి ముందూ గెడకు కట్టిన నక్షత్రం. హార్మోనియం, డప్పు, కంజీర పట్టుకుని అర్ధరాత్రి దాకా ఇల్లిల్లూ తిరిగే క్యారల్స్ జట్టు. వెనకటికి పెట్రోమాక్స్ లైటు నెత్తిన పెట్టుకుని ఒకడు ముందు నడిచేవాడు, ఇప్పుడు ట్రాక్టరు మీద జనరేటరు. ప్రతి ఇంటి ముందూ ఒక పాట, ఒక ప్రార్థన, టీ, అరిసె. ఇరవై అయిదున కొత్త బట్టలు కట్టుకుని తెల్లవారుజామునే గుడికి. మధ్యాహ్నం ఊళ్ళోకి పళ్ళెంలో కేకు ముక్క, అరిసెలు వెళ్తాయి. ఆపైన ముప్పై ఒకటి రాత్రి వాచ్ నైట్. మూడు వారాలు దాటకుండానే సంక్రాంతి. గొబ్బెమ్మలు ఉండవు గానీ అరిసెలు మళ్ళీ వండుతారు.

ఈస్టరుకు ముందు శ్రమ దినాల నలభై రోజులు దాళ్వా మధ్యలో వస్తాయి. మట్టల ఆదివారం నాడు యెరూషలేము ఖర్జూరపు మట్టలు మనకెక్కడివి, ఎవరి దొడ్లో కొబ్బరి మట్ట ఉంటే అది, లేకపోతే తాటాకు. పిల్లలు ఊరేగింపు సగం దూరం వెళ్ళేలోపే కొబ్బరాకుతో బూరలు చుట్టి ఊదడం మొదలెడతారు. మంచి శుక్రవారం పన్నెండు నుంచి మూడు దాకా సిలువ మీద యేసు పలికిన ఏడు మాటలు. ఒక్కో మాటకి ఒక్కొక్కరు లేచి ప్రసంగిస్తారు. ఉపదేశి కొడుకో, నర్సమ్మో, హైస్కూలు మేష్టారో జీవితంలో మొదటిసారి మైకు ముందు నిలబడేది ఆ మూడు గంటల్లోనే. ఈస్టరుకి చీకటితోనే సమాధుల తోటకి వెళ్తారు. అప్పటికే సున్నాలు వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తులు వెలిగించి ఉంచుతారు. అక్కడ పాట మొదలుపెట్టి పాడుకుంటూ గుడికి వస్తారు. ఎండాకాలంలో కాలవలు కట్టేసేవారు, పడవలు నడవవు, దొరలు కోటగిరి వంటి కొండలెక్కేవారు. ఏప్రిల్, మే రెండు నెలలూ సంఘం పూర్తిగా ఉపదేశి మీదా, పెద్దల మీదా, ఆడవాళ్ళ మీదా నడిచేది. ఎవరికీ లోటు తెలిసినట్టు లేదు.

ఇక పాట. గోదావరి లూథరన్ సంఘంలో రెండు రకాల పాటలు ఒకే పుస్తకంలో సర్దుకుని ఉంటాయి. జర్మనీ నుంచి, ఇంగ్లండు నుంచి వచ్చిన కీర్తనలు ఆ దేశపు వరసలోనే తెలుగు మాటలతో పాడతారు. పక్క పేజీలో పల్లవి, అనుపల్లవి, చరణాలు, పైన రాగం, తాళం. ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు పుస్తకంలో ఈ రకం ఏ పాట చూసినా ఈ వివరం ఉంటుంది. ఆ రెండో రకానికి పెద్ద దిక్కు పురుషోత్తమ చౌదరి (1803–1890). టెక్కలి, పర్లాకిమిడి వైపు మనిషి, బాప్టిస్టు. లూథరన్ గుళ్ళో బాప్టిస్టు పాట ఏమిటని ఎవరూ అడగలేదు. అమెరికాలో ఈ రెండు శాఖలకూ బాప్తిస్మం ఎప్పుడివ్వాలన్న దగ్గరే పొత్తు కుదరలేదు, ఇక్కడ వాళ్ళ పాటలు ఒకే అట్టలో కాపురం చేశాయి. చదువు రాని అవ్వలకి ఆ పుస్తకం నంబర్లతో సహా కంఠస్థం. అయ్యగారు నంబరు చెప్పి పేజీలు తిప్పుతుంటే ఇటు పల్లవి అయిపోయేది.

పాటతో పాటు ప్రశ్నోత్తరి. మార్టిన్ లూథరు రాసిన చిన్న ప్రశ్నోత్తరిని తెలుగులోకి తెచ్చినవాడు హయ్యర్ కంటే ఓ వందేళ్ళు ముందువాడు. బెంజమిన్ షుల్జ్ అనే ఆయన మద్రాసులో తెలుగు నేర్చుకుని, జర్మనీకి తిరిగి వెళ్ళాక 1746–47 ప్రాంతంలో హాలే పట్నంలో తెలుగు అచ్చు అక్షరాలతో కొన్ని పుస్తకాలు వేయించాడు. తెలుగు అచ్చయిన తొలి పుస్తకాలవి, ప్రశ్నోత్తరి వాటిలో ఒకటి. ఆనాటి ఆ భాష చదివితే మనకు నవ్వు వస్తుంది, అది వేరే సంగతి. గోదావరి పేటల్లో కన్ఫర్మేషన్‌కి వచ్చిన పధ్నాలుగేళ్ళ పిల్లలు ఆ ప్రశ్నలూ జవాబులూ ఎక్కాల్లా వల్లించి అయ్యగారికి అప్పజెప్పాలి. అప్పజెప్పలేనివాడికి ప్రభు బల్ల దగ్గర చోటు లేదు. పొలం గట్ల మీద గడ్డి కోస్తూ పది ఆజ్ఞలూ వాటి అర్థాలూ వల్లె వేసుకోవడం పాత తరం ఆడవాళ్ళు చాలామంది చెప్పే జ్ఞాపకం.

ఆడవాళ్ళ మాట వచ్చింది గనుక, బైబిలు స్త్రీలు. చేతిలో సంచి, తెల్ల చీర, ఇల్లిల్లూ తిరిగి కథ చెప్పి, అక్షరం నేర్పి, కాన్పు సంగతి అడిగి వచ్చేవారు. అగ్రకులాల ఇళ్ళలో ఘోషా ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళగలిగింది వాళ్ళూ, అమెరికా నుంచి వచ్చిన పెళ్ళికాని దొరసానులూ. స్వీడిష్ అమెరికన్ సంఘం నుంచి షార్లెట్ స్వెన్సన్ 1895లో వచ్చి 1908లో రాజమండ్రిలోనే పోయింది. బైబిలు స్త్రీల శిక్షణ పాఠశాలకు ఆవిడ పేరే పెట్టారు. డాక్టర్ లిడియా వర్నర్ 1899లో వచ్చింది. మగ డాక్టరు చెయ్యి తగలకూడదని కాన్పుల్లో ప్రాణాలు పోగొట్టుకునే రోజులు. 1911లో రాజమండ్రిలో ఆడవాళ్ళకూ పిల్లలకూ మిషన్ ఆసుపత్రి తెరిచారు. పేటల నుంచి వెళ్ళిన అమ్మాయిలు అక్కడ నర్సులయ్యారు. గోదావరి జిల్లాల్లో నర్సమ్మ అంటే క్రైస్తవురాలే అని జనం అనుకోవడం అక్కడి నుంచి వచ్చిందే.

పెళ్ళిళ్ళు కూడా చెప్పకపోతే సంఘం చెప్పినట్టు కాదు. మూడు ఆదివారాలు గుళ్ళో పెళ్ళి ప్రకటన చదువుతారు, అభ్యంతరం ఉన్నవాళ్ళు చెప్పాలి. పెళ్ళికూతురికి నలుగు పెడతారు, పసుపు రాస్తారు. గుళ్ళో తెల్ల చీర, మేలిముసుగు. ఉంగరం ఉంటుంది, మంగళసూత్రమూ ఉంటుంది, సూత్రం మీద సిలువ ఉంటుంది. అయ్యగారు ముందు దాని మీద ప్రార్థన చేసి ఇస్తారు. కట్నం కూడా ఉంటుంది. దాని మీద ప్రార్థన చెయ్యరు, అంతే తేడా.

ఈ సంఘ జీవితంలో మచ్చ ఏదైనా ఉంటే అది కులం. డెల్టాలో లూథరన్లలో మాలలు ఎక్కువ, మాదిగలూ ఉన్నారు. దొరలు ఇద్దర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టాలని చూశారు. పేటలు వేరు, బావులు వేరు, పెళ్ళి సంబంధాలు వేరు కావడంతో చాలా ఊళ్ళల్లో గుళ్ళూ వేరయ్యాయి. ఒకే ప్రశ్నోత్తరి, ఒకే కీర్తనల పుస్తకం, ఒకే అయ్యగారు, రెండు గుళ్ళు. ఆయన సైకిలు మీద ఇక్కడ ఏడు గంటలకీ అక్కడ పదింటికీ ఆరాధన చేసేవాడు. ఊరు తమకు చేసింది తామూ చేశామని ఒప్పుకునే పెద్దలు ఉన్నారు, ఒప్పుకోనివాళ్ళు ఎక్కువ.

1927లో గుంటూరు, రాజమండ్రి సంఘాలు కలిసి ఆంధ్ర ఇవాంజిలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. జనం నోట్లో ఏ.ఇ.ఎల్.సి. 1944లో ఇ. ప్రకాశంగారు దానికి మొదటి భారతీయ అధ్యక్షుడయ్యారు. దేశానికి స్వతంత్రం వచ్చే ముందే ఈ చర్చి కుర్చీ మనవాడికి దక్కింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ కుర్చీ చుట్టూ, ఆస్తుల చుట్టూ కోర్టు వ్యాజ్యాలు ముసురుకున్న సంగతి పత్రికలు చదివేవారికి కొత్త కాదు, ఆ వివరాల్లోకి వెళ్ళి ఈ వ్యాసాన్ని పాడుచెయ్యను. లూథర్‌గిరి వేదపాఠశాల 1964లో ఇతర సంఘాల పాఠశాలలతో కలిసి ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల అయింది, 1970ల్లో హైదరాబాదుకు తరలిపోయింది.

ప్రకాశంగారు అధ్యక్షుడవడానికి ముందే ఇంకో పెద్ద కదలిక వచ్చింది. జేగురుపాడులో పుట్టిన ముంగమూరి దేవదాసుగారు లూథరన్ బడుల్లో, మిషన్ పనుల్లో చాలా ఏళ్ళు గడిపిన మనిషి. పెళ్ళి చేసుకోలేదు. 1938లో రాజమండ్రిలో బైబిలు మిషను అని వేరే మొదలుపెట్టారు. అమెరికా డబ్బు లేదు, అమెరికా బోర్డు లేదు, సన్నిధిలో మౌనంగా కనిపెట్టడం, స్వస్థత ప్రార్థన, దర్శనాలు. ఆరాధన క్రమం పుస్తకం అయ్యగారి చేతిలో ఎంత బిగుసుకుపోయిందో, ఈ కొత్త గాలి అంత తేలిగ్గా పేటల్లోకి వీచింది. ఒకే ఇంట్లో అన్న లూథరన్, తమ్ముడు బైబిలు మిషను అయ్యారు. 1960లో దేవదాసుగారు పోయారు. ఆయన వెళ్ళిపోయినందుకు లూథరన్ పెద్దలు నొచ్చుకున్నారు గానీ ఆయన రాసిన కీర్తనలను మాత్రం పుస్తకంలోంచి తియ్యలేదు. ఇప్పటికీ ఏ.ఇ.ఎల్.సి. గుళ్ళలో ఆయన పాట పడని క్రిస్మస్ ఉండదు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఇంకో రకమైన చీలిక తెచ్చింది. షెడ్యూల్డు కులాల జాబితా హిందువులకే అంది (సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో చేర్చారు). క్రైస్తవులైన దళితులు మన రాష్ట్రంలో బీసీ–సీలోకి వెళ్ళారు. అందులో రిజర్వేషన్ ఒక్క శాతం. పేట మారలేదు, పని మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు, కాగితం మాత్రం మారింది. ఆ దెబ్బకి ఒక మనిషికి రెండు పేర్లు రావడం మామూలైంది: గుళ్ళో సామ్యేలు, సర్టిఫికెట్‌లో సుబ్బారావు. బాప్తిస్మపు రిజిస్టరు ఒకప్పుడు గర్వంగా చూపించుకునే పుస్తకం, ఇప్పుడది బీరువాలో పెట్టి తాళం వేసే పుస్తకం. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వాలని ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2023 మార్చిలో తీర్మానం చేసింది. అంతకు ముందే, 2022 అక్టోబరులో, కేంద్రం ఈ విషయం తేల్చమని జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

పాత లెక్కల్లో ఇంకోటి కూడా తారుమారైంది. భీమవరం, ఉండి, ఆకివీడు చుట్టుపక్కల వరిచేలు చేపల చెరువులూ రొయ్యల చెరువులూ అయ్యాయి. ఊడ్పులు, కోతలు లేని చోట ఆడకూలీలకు పని తగ్గింది. చాలామంది కువైటుకీ, దుబాయికీ, మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్ళారు. గోదావరి జిల్లాల్లో లూథరన్ సంఘాల కొత్త శ్లాబులు, మైకు సెట్లు, ప్లాస్టిక్ కుర్చీల మీద దాతల పేర్లు చదివితే సగం ఆ దేశాల్లో ఉన్న ఆడవాళ్ళవే. కోత పండగ మాత్రం మానలేదు. చెరువు రొయ్య ఐసు పెట్టెలో వస్తుంది, అది కూడా పాటకు పెడతారు. వేలంలో ఫోను స్పీకరు మీద పెట్టి, "ఇదిగో మీ అమ్మ కువైట్ నుంచి అయిదు వేలంటోంది" అని కేకేస్తారు. కువైటులో తెలుగు సంఘాలు శుక్రవారం కూడుకుంటాయి, అక్కడ సెలవు ఆ రోజే గనుక. యజమాని ఇంట్లోంచి బయటికి రానిచ్చిన వారం వెళ్తారు, రానివ్వని వారం వంటగదిలో ఫోన్లో కీర్తనల నంబరు అడిగి చిన్నగా పాడుకుంటారు. అక్కడ బియ్యం కొలిచేది యజమానురాలు గనుక పిడికెడు తియ్యడానికి లేదు. జీతం రాగానే మొదటి పది దీనార్లు ఊరి గుడికి విడిగా పంపేవాళ్ళున్నారు.